రేకుల షెడ్డు పక్క నాలుగు చెట్లు

మా మేనత్త చనిపోయింది. ఈ మాట రాసి చాలాసేపు కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను. పదిహేను రోజులు గడిచినా ఇది నా చేత్తో నేనే రాశానా అనిపిస్తోంది. ఆమెకు జబ్బు లేదు, ఒక్కరోజు మంచాన పడింది లేదు. ఆ పొద్దున ఆరింటికి సత్యవేడులో బస్సెక్కి నాకు ఫోన్ చేసింది. "అమ్మణ్ణీ, కిటికీ పక్క సీటు దొరికినాదే" అని చిన్నపిల్లలా సంతోషపడింది. ఆ బస్సు తొమ్మిది దాటాక తిరుపతి బస్టాండులోకి వచ్చినప్పుడు ఆమె ఆ కిటికీ పక్కనే, తల ఊచకు ఆనించి కూర్చుని ఉంది.

నేను కింద నిలబడి ఉన్నాను. ఆమెను చూసి చెయ్యి కూడా ఊపాను. నిద్రపోతోందనుకుని నవ్వుకున్నాను. జనమంతా దిగేదాకా ఆగి, బస్సెక్కి, "అత్తా, లెయ్, తిరుపతి వచ్చినాది" అని భుజం తట్టాను. ఆ భుజం కదిలిన తీరు ఇంకా నా అరచేతిలో ఉంది.

"కాళాస్తిలో దిగి టీ తాగి వచ్చినాదమ్మా," అన్నాడు కండక్టరు. "నాతో మాట్లాడినాది కూడా. రేణిగుంట కాడ సూస్తే కండ్లు మూసుకోని ఉండాది. పెద్దామెను లేపేది ఏమిటికిలే అని..." టికెట్ల సంచీని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

గుండె ఆగి చాలాసేపయిందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. నేను ఆయనతో గట్టిగా వాదించాను. "ఆరింటికి నాతో మాట్లాడింది సార్" అన్నాను, ఆ మాటతో ఆయన మనసు మార్చుకుంటాడన్నట్టు. బస్సులో అత్త ఒళ్ళో తడిపిన గోనెపట్టలో చుట్టిన కొమ్మలు నాలుగు ఉన్నాయి. అవి నా చేతిలోకి ఎలా వచ్చాయో గుర్తులేదు. "కాసిని నీళ్ళు చల్లండమ్మా, వాడిపోతాయి" అని నర్సును అడిగాను. అత్త ముఖం మీద చల్లమంటున్నాననుకుని ఆ అమ్మాయి నన్ను పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

నేను తిరుపతిలో వ్యవసాయం చదివే పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆ రోజు పదిన్నరకు అత్త నా క్లాసుకు వచ్చి మాట్లాడాల్సి ఉంది. ఆ కొమ్మలు తెచ్చింది అందుకే. ఏళ్ళ తరబడి నేను పిలవడం, "నాకేం తెలుసు, కలుపు తీసేదాన్ని" అని ఆమె తప్పించుకోవడం. ఈసారి ఎందుకో ఒప్పుకుంది. ఆమె ఏం చెప్పి ఉండేదో ఆ పిల్లలకు ఇక తెలియదు. నేను చెప్పగలిగింది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటుంది. అది ఆమె ఎదుటే చెబుదామనుకున్నాను.

అత్తకు పిల్లలు లేరు. మామ తొందరగానే పోయాడు. సత్యవేడుకు కాస్త దూరంలో, ఎర్ర ఇసుక నేలలో, మామ, ఆయన తమ్ముడు కలిసి పెట్టిన జీడిమామిడి తోట ఉంది. మా వైపు దాన్ని ముంతమామిడి అంటారు. మామ పోయాక ఆయన తమ్ముడే తోట చూసేవాడు. ఆయనను నేను చిన్నమామ అని పిలుస్తాను. అత్త మాత్రం రోజూ పొద్దున్నే చెప్పులు గుమ్మం దగ్గర విడిచి తోటలోకి పోయేది. గుడికి కూడా చెప్పులతో గేటు దాకా పోయే మనిషి, తోటకు మాత్రం ఇంటి నుంచే వట్టి కాళ్ళతో నడిచేది. కాళ్ళకు నేల తగలకపోతే చెట్టు మాట్లాడేది వినిపించదా అని నేను ఎగతాళి చేస్తే, "అదేం లేదే, చెప్పుల్లో ఇసక దూరితే సిరాకు" అనేది.

ఆమెకు ఒక అలవాటుండేది. దారిలో ఏ చెట్టు కనిపించినా ఒక ఆకు తుంచి తన అరచేతి మీద పరిచి చూసుకునేది. పెళ్ళిళ్ళకు పోయినా అంతే. పందిట్లో కట్టిన మామిడాకును అరచేతిలో పెట్టుకుని, "ఇది ముసిలి చెట్టుది" అనేది పక్కన కూర్చున్న వాళ్ళతో. వాళ్ళు వినకపోయినా ఆమెకు పట్టింపు లేదు. కాఫీ మాత్రం పొడుగు గ్లాసులోనే కావాలి. ఎక్కడికి పోయినా ఒక దువ్వెన కొనుక్కొచ్చేది. ఇంట్లో ఇరవై దువ్వెనలున్నా తలకు వాడేది పళ్ళు విరిగిన పాతదే.

తొంభైల చివర్లో తోటకు కష్టం వచ్చింది. నేనప్పుడు వ్యవసాయ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. సెలవులకు పోతే చెట్లు గుర్తుపట్టలేనట్టున్నాయి. కొమ్మ చివర ఆకులు చిన్నవై, సన్నగా, ఒకదాని మీద ఒకటి కుచ్చులా ముడుచుకుపోయాయి. ఆకుకూ ఆకుకూ మధ్య కాడ సాగడం లేదు. ఈనెలు పచ్చగా, వాటి మధ్య భాగం పసుపుగా ఉన్నాయి. పూత వచ్చినా పిందె నిలవడం లేదు.

"ఆకు సూడు, మిరపాకు మాదిరి అయిపోయినాది," అన్నాడు చిన్నమామ. "నువ్వు సదువుతుండేది ఇదే గదమ్మా. ఏం చెయ్యల్లో సెప్పు."

చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాను. ఇసుక నేల, తిండి చాలడం లేదు అనుకున్నాను. "డీఏపీ వేయండి మామా, పాదుకింత" అన్నాను. "ఎక్కువ నీరసించిన చెట్లకు ఇంకాస్త ఎక్కువ." అంత ధీమాగా నేను మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. చిన్నమామ నా మాట పట్టుకుని రెండేళ్ళు డీఏపీ వేశాడు. చెట్లు ఇంకా చెడిపోయాయి. నీళ్ళ గుంట పక్క వరసలో చెట్లు అన్నిటికంటే నీరసంగా ఉండేవి కాబట్టి వాటికి అన్నిటికంటే ఎక్కువ పడింది. కొమ్మలు పైనుంచి ఎండడం మొదలుపెట్టింది ఆ వరసే.

మూడో ఏడు చిన్నమామ విసిగిపోయాడు. తోట కొట్టించి నీలగిరి పెట్టాలని తీర్మానించుకున్నాడు. చెట్లు కొట్టేవాళ్ళు వచ్చి మానులకు గుర్తుగా సున్నం పట్టీలు కూడా వేసిపోయారు. ఆయనను తప్పుపట్టలేను. తన చేత్తో నాటిన చెట్లవి. సున్నం వేసిన రోజు ఆయన అన్నం తినలేదని అత్తే నాకు చెప్పింది.

తర్వాత జరిగింది నా కళ్ళ ముందు జరిగింది. ఒక శనివారం మధ్యాహ్నం అత్త మా హాస్టలుకు వచ్చింది. చెప్పాపెట్టకుండా, మూడు గంటలు బస్సులో నిలబడి వచ్చింది. చేతిలో తడిగుడ్డలో చుట్టిన రెండు కొమ్మలు. ఒక కొమ్మకు మిరపాకుల్లాంటి ఆకులు. రెండో దాని ఆకులు ఆమె అరచేతిని దాటి ఉన్నాయి.

"ఇది యాడిది అత్తా? వేరే తోటదా?"

"మనదే. రేకుల షెడ్డు పక్కన నాలుగు సెట్లుండాయి సూడు, ఆడిది. ఆ నాలుగే పచ్చగా ఉండాయి. నిన్న సున్నం పట్టీలు సూస్తా తిరగతా ఉంటే కనపడినాది. ఇన్నాళ్ళూ కండ్లు యాడ పెట్టుకున్నానో."

ఆ షెడ్డు మామ ఆవుల కోసం వేయించింది. "పేడ, మూత్రం పడి ఉంటుంది అత్తా, ఆ సారం" అన్నాను, పుస్తకం మూయకుండానే.

"ఆవుల్ని అమ్మేసి ఆరేండ్లాయె. కట్టేసింది కూడా అవతలి పక్క. ఈ నాలుగూ రేకు వాలిండే పక్క ఉండాయి. వాన పడితే రేకు నీళ్ళన్నీ వాటి మొదట్లోనే పడతాయి."

"అయితే నీళ్ళు ఎక్కువ అందుతున్నాయి."

"గుంట పక్కన సెట్లకు నీళ్ళు తక్కవా?" అంది. పుస్తకం మూశాను. ఆమె మళ్ళీ అడిగింది. "మీ మామ ఎత్తుకొచ్చినప్పుడు ఆ రేకులు తళతళ మెరస్తా ఉన్నింది. ఇప్పుడు ఎర్రగా తుప్పు పట్టిపాయె. ఆ మెరుపు యాడికి పోయినాది?"

"ఎండకూ వానకూ అరిగి, కొట్టుకుపోయి ఉంటుంది."

"కొట్టుకోని యాడికి పోయినాది?"

"కిందికే."

"అది దేంతో చేస్తారే, ఆ మెరుపు?"

"ఇనుము తుప్పు పట్టకుండా పైన జింకు పూత..." అన్నాను. అని ఆగిపోయాను.

ఆ సందర్శకుల గది, మూలన తిరుగుతున్న ఫ్యాను, బల్ల మీద ఆ రెండు కొమ్మలు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. జింకు లోపిస్తే ఏమవుతుందో నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. చిన్న ఆకులు, పొట్టి కణుపులు, కుచ్చులా ముడుచుకున్న కొమ్మ చివర. కంఠతా వచ్చు. రెండేళ్ళుగా అదే జబ్బు నా ఎదుట నిలబడి ఉంటే గుర్తుపట్టలేదు. అత్త గుర్తుపట్టిందని కూడా అనలేను. ఆమెకు ఆ పేరే తెలియదు. ప్రశ్న మాత్రం వదల్లేదు.

ఆమెను మా చెట్ల శాస్త్రం సారు ఇంటికి తీసుకుపోయాను. ఆయన కొమ్మలు రెండూ వెలుతురులో పట్టి చూశారు. ఆకులు పరీక్షకు పంపుదాం, కానీ నాకు అనుమానం లేదు అన్నారు. అత్తను కూర్చోబెట్టి విడమరచి చెప్పారు. చెట్టులో కొమ్మను సాగదీసే ఒక పదార్థం తయారవుతుందనీ, అది తయారు కావాలంటే రవ్వంత జింకు కావాలనీ, అది లేకపోతే కణుపు సాగదు, ఆకు విచ్చుకోదు, పూతలో బలం ఉండక పిందె నిలవదనీ చెప్పారు. "చెట్టుకు కావలసింది చిటికెడే. కానీ ఆ చిటికెడు లేకపోతే మిగిలిన తిండి ఎంత పెట్టినా ఒంటికి పట్టదు" అన్నారు.

తర్వాత ఆయన అడిగారు. "డీఏపీ ఏమైనా వేశారా అమ్మా?"

"ఏసినాం సార్, రెండేండ్లు."

"అదే కొంప ముంచింది. దాంట్లోని భాస్వరం ఎక్కువైతే ఉన్న కాస్త జింకు కూడా చెట్టుకు అందదు. ఎవరు చెప్పారు వేయమని?"

నేను తల ఎత్తలేదు. అత్త నా వైపు చూడలేదనుకున్నాను. "ఎవురో సెప్పినార్లే సార్, మంచికే సెప్పినారు," అంది. "ఇంగ ఏం చెయ్యల్లో అది సెప్పండి."

లీటరు నీళ్ళకు ఐదు గ్రాముల జింకు సల్ఫేట్, ఆకు మాడకుండా కొంచెం సున్నపు తేట. లేత చిగురు విచ్చుకునేటప్పుడు కొట్టాలి. ముదురాకు మీద కొడితే చాలదు. ముదురాకు తీసుకున్న జింకు దాదాపు అక్కడే ఉండిపోతుంది, కొత్త చిగురుకు పోదు. అందుకని కొత్త చిగురు వచ్చినప్పుడల్లా మళ్ళీ కొట్టాలి. డీఏపీ పూర్తిగా ఆపెయ్యాలి. ఇంతే. తిరిగి వచ్చే దారిలో అత్త నవ్వింది. "సూసినావా, ముసిలాకు తన కాడ ఉండేది పిల్లాకుకు ఇయ్యదంట. ఏం కడుపే అది!"

ఊళ్ళో చిన్నమామ అంత సులువుగా ఒప్పుకోలేదు. చెట్లు కొట్టేవాళ్ళకు మాటిచ్చాడు.

"రేకు మీద నీళ్ళకు సెట్లు బతికినాయంటే నలుగురూ నవ్వుతారు వదినా."

"నవ్వనీ. ఒక్క చిగురు దాకా ఆగబ్బా. ఈ తూరి వచ్చే చిగురు కూడా మిరపాకు మాదిరే వస్తే నేనే గొడ్డలి ఎత్తుకొచ్చి నీ చేతికిస్తా."

ఆయన ఆగాడు. వదినంటే గౌరవం కొంత, ఆ చెట్ల మీద ఆశ కొంత అయ్యుండాలి. వానలు వెనకబట్టాక చిగురు వేసింది. అత్త దగ్గరుండి మందు కొట్టించింది. మూడు వారాలు నాకు ఏ కబురూ లేదు. ఒకరోజు సాయంత్రం హాస్టలుకు ఫోనొచ్చింది. సత్యవేడులో ఎస్టీడీ బూతు నుంచి చేస్తోంది. "అమ్మణ్ణీ, ఆకు అరచేయి దాటినాది" అంది. ఆ వెనక చిన్నమామ గొంతు. "పాపతో నేను కూడా మాట్లాడతా, ఈడియ్ వదినా."

అన్నీ బతకలేదు. గుంట పక్క వరసలో పదకొండు చెట్లు కోలుకోలేదు. నేను ఎక్కువ వేయమన్న చెట్లే అవి. వాటిని కొట్టించిన రోజు అత్త తోట వైపు పోలేదు, ఇంట్లో కూర్చుని శనక్కాయలు వొలిచిందట. మిగిలిన తోట రెండేళ్ళకు తేరుకుంది. మూడో ఏడు కాపు చూసి చిన్నమామ సున్నం పట్టీలున్న మానుల్ని గోనెగుడ్డతో రుద్ది కడిగాడు.

నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి ధైర్యం చేసి ఆమెతో అన్నాను. "అత్తా, ఆ డీఏపీ వేయమని చెప్పింది నేనే."

"తెలుసులే."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు సెప్పేటప్పుడు నేను ఆడనే ఉన్నింటి గదే. అది తప్పని సారు అన్నప్పుడు నీ మొగం సూసినా."

"మరి సారుకు ఎందుకు చెప్పలేదు? చిన్నమామను కూడా ఒక్క మాట అననివ్వలేదు."

ఆమె శనగలు చెరుగుతోంది. చేట ఆపలేదు. "ఆపొద్దు నిన్ను తిట్టుంటే నువ్వు ఇంగ ఏ సెట్టు కాడా నోరు తెరిసేదానివి కాదు. నువ్వు సెప్పాల్సినవి ఇంకా శానా ఉండాయి గదా." చెరగడం అయ్యాక ఇంకో మాట అంది. "సదువుకున్నోళ్ళకు జవాబు బిన్నా వచ్చేస్తాది. సెట్టుకు నిదానంగా వస్తాది. రొండూ కలిసేదాకా ఓర్చుకోవల్ల, అంతే."

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆమె దగ్గరికి కొమ్మలు పట్టుకుని రావడం మొదలైంది. ఆమె అందరికీ జింకు అని చెప్పేది కాదు. "ఇది పురుగు", "ఇది నీళ్ళ కరువు", "ఇది నాకు తెలీదు, తిరపతికి పో" అనేది. తెలీదు అనే మాట ఆమె నోట ఎంత హాయిగా వచ్చేదో చెప్పలేను. నేను క్లాసులో ఆ మాట అనడానికి పదేళ్ళు పట్టింది.

చనిపోవడానికి ముందురోజు సాయంత్రం ఫోన్లో చెప్పాను, రేపు పిల్లల ముందు నా తప్పు కూడా చెబుతానని.

"అదంతా ఏమిటికే?"

"చెప్పాలి అత్తా."

"సరే. అయితే నేను ఆడ ఉన్నప్పుడే సెప్పు. ఎవురన్నా నవ్వితే నేను సూసుకుంటా."

నేను విన్న ఆమె మాటల్లో చివరిది ఇది కాదు. చివరిది కిటికీ సీటు గురించి. కానీ నాకు పొద్దున లేవగానే వినిపిస్తున్నది ఇదే. విని, సరేనని జవాబు చెప్పబోతాను. అప్పుడు గుర్తొస్తుంది. ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే ఉంటుంది. మనిషి పోయిందని ఒక్కసారి తెలిస్తే చాలదా, ఇన్నిసార్లు ఎందుకు తెలుస్తుందో!

ఆరో రోజున ఒక్క పూట కాలేజీకి వచ్చాను. పిల్లలకు అంతా చెప్పాను. డీఏపీ సంగతి, పదకొండు చెట్ల సంగతి, సారు అడిగినప్పుడు నేను తల దించుకున్న సంగతి. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "ఆమె నాలుగు చెట్లూ చూడకపోయి ఉంటే ఏమయ్యేది మేడం?" అని అడిగింది. కొట్టేసేవాళ్ళం అన్నాను. క్లాసు వదిలేశాను.

పదకొండో రోజు సత్యవేడులోనే ఉన్నాను. మధ్యాహ్నం భోజనాలు అవుతున్నాయి. వాకిట్లో ఒక ముసలాయన సైకిలు దిగాడు. సైకిలుకు టవల్లో చుట్టిన కొమ్మ కట్టి ఉంది. పందిరి, చెప్పులు, జనం చూసి ఏదో శుభకార్యం అనుకున్నట్టున్నాడు. నవ్వుతూ, "అమ్మ ఉండాదా?" అన్నాడు.

చిన్నమామ ముందుకు వచ్చాడు. "మా వదిన పోయినాది పెద్దాయనా. ఈపొద్దు పదకొండో దినం."

ఆయన అర్థం కానట్టు చూశాడు. "మొన్నే గదప్పా... సిగురు విచ్చినాక ఎత్తుకోని రమ్మన్నాది," అన్నాడు. ఆ కొమ్మను గబగబా విప్పి వీపు వెనక దాచుకున్నాడు, తేకూడనిది తెచ్చినవాడిలా. రెండో చేతిలో టవలు ఉన్నా, దానితో కళ్ళు తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

నేను చేయి కడుక్కుని దగ్గరికి పోయాను. కొమ్మ ఇలా ఇవ్వమన్నాను. ఆకులు పెద్దవే, కణుపులు సాగే ఉన్నాయి. అంచులు మాత్రం కాల్చినట్టు మాడి ఉన్నాయి. పొటాష్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఉప్పు నీళ్ళయినా కావచ్చు. ఇంకేదైనా కావచ్చు.

"నాకు తెలియడం లేదు పెద్దాయనా. చెట్టు చూడాలి. తోట ఎంత దూరం?"

"రెండు మైళ్ళుంటాదమ్మా. ఇంగో దినం చూస్తువులే. ఇట్లాంటప్పుడు..."

"పోదాం పదండి."

చిన్నమామ అడ్డం చెప్పలేదు. పెద్దాయనను కూర్చోబెట్టి రెండు ముద్దలు తినిపించి పంపాడు. సైకిలు వెనక కూర్చుని, ఆ కొమ్మను పైకెత్తి పట్టుకున్నాను. ఇసుక ఎక్కువగా ఉన్నచోట ఆయన దిగి తోసేవాడు. కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీల బస్సులు దుమ్ము లేపుకుంటూ ఎదురొస్తున్నాయి. ఒక్కో బస్సు దగ్గరపడినప్పుడల్లా ఆయన సైకిలు ఆపి, వెనక్కి తిరిగి, తన టవలును ఆ కొమ్మకు అడ్డం పట్టుకుని, దుమ్ము అణిగేదాకా అలాగే నిలబడ్డాడు.